2147483647 ప్రధాన సంఖ్య అని చేత్తో ఎట్లా తేల్చారు?

కల్వకుర్తిలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న బిడ్డ అడిగిన ప్రశ్న ఇది: "మామూలు పూర్ణాంకానికి కంప్యూటర్ ఇచ్చే జాగాలో పట్టే అతి పెద్ద సంఖ్య 2147483647 అని క్లాసులో చెప్పారు సార్. అది ప్రధాన సంఖ్య అని, కంప్యూటర్లు లేని 1772లోనే ఆయిలర్ అనే గణితజ్ఞుడు చేత్తో తేల్చాడని చదివాను. వర్గమూలం దాకా భాగించి చూడాలంటే 46 వేల దాకా పోవాలి. ఒక మనిషికి అయ్యే పనేనా? ఆ సంఖ్యకు ఇంకేమైనా ప్రత్యేకతలు ఉన్నాయా?"

అయ్యే పనే బిడ్డా. నేను చేశాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నా. నల్లగొండ జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో దేవరకొండ అవతల ఒక ఊళ్లో ఉండగా, ఒక వేసవి సెలవుల్లో ఈ లెక్క మొత్తం రెండు వందల పేజీల నోటుబుక్కులో చేశాను. అదెట్లా కుదిరిందో చెబుతా. కొంచెం పొడుగవుతుంది, పెన్నూ కాగితం దగ్గర పెట్టుకుని చదువు.

ముందు నీ 46 వేల సంగతి. ఈ సంఖ్య 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. దీని వర్గమూలం 46,340కి కొంచెం పైన. ఒక సంఖ్యకు కారణాంకాలుంటే వాటిలో చిన్నది వర్గమూలం దాటదు, అది నీకు తెలిసిందే. 2తో భాగం పోకపోతే 4తో, 6తో పోదు కాబట్టి అన్నిటితో భాగించనక్కర్లేదు, ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు. 46,340 లోపు అవి 4,792. రోజుకు యాభై చేసినా మూడు నెలలు దాటుతుంది. అక్కడే ఆగిపోతే ఆయిలర్ గొప్ప ఓపికమంతుడు అని మాత్రమే అనుకుంటాం. అసలు సంగతి వేరే ఉంది. ఏ కారణాంకాలు దీన్ని భాగించే వీలుందో ఈ సంఖ్య రూపమే ముందుగా చెప్పేస్తుంది.

2147483647 అని పది అంకెల్లో రాస్తే ఆ రూపం కనబడదు. ఇది 2³¹ − 1. కంప్యూటర్ రాసుకునే ద్విసంఖ్యామానంలో వరసగా ముప్పై ఒక్క ఒకట్లు. ఇట్లాంటి వాటిని మెర్సెన్ సంఖ్యలంటారు. 1644లో వీటి జాబితా ఒకటి ప్రకటించిన ఫ్రెంచి సన్యాసి మారిన్ మెర్సెన్ పేరు మీద. ఆ జాబితాలో తప్పులున్నాయి, 31 మాత్రం ఒప్పే.

పైన ఉన్న ఘాతం సంయుక్త సంఖ్య అయితే ఫలితం కూడా సంయుక్తమే. దానికి మన మామూలు లెక్కలోనే పోలిక ఉంది. 111111ని 111, 111 అని రెండు ముక్కలు చేయొచ్చు కాబట్టి అది 111 × 1001. అట్లే ద్విసంఖ్యామానంలో ఆరు ఒకట్లంటే 63, అది 7 × 9. ముప్పై ఒక్క ఒకట్లను సమానమైన గుంపులుగా విడగొట్టలేం, 31 ప్రధానం కదా. అందువల్ల ఈ దారిన కారణాంకం దొరకదు. అంతమాత్రాన కారణాంకం లేదని కాదు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. మొదటి ఏడాది నేనే తొమ్మిదో తరగతి బోర్డు మీద 3, 7, 31, 127 రాసి, ఘాతం ప్రధానమైతే ఫలితం ప్రధానమే అన్నట్టు చెప్పాను. మర్నాడు ఒక పిల్లవాడు 2¹¹ − 1 అంటే 2047 అని, అది 23 × 89 అని పలక మీద రాసుకొచ్చి చూపించాడు. ఆ 23 ఎక్కడి నుంచి వచ్చిందని వెతుకుతూనే నేను ఆయిలర్ దగ్గరికి చేరాను.

ఆ 23 సంగతి బతుకమ్మ ఆటతో చెబుతా. ఇరవై రెండు మంది ఆడవాళ్లున్నారనుకో, 1 నుంచి 22 దాకా తలా ఒక నంబరు. ఒక్కొక్కరి ముందు నిలబడాల్సింది తన నంబరుకు రెట్టింపు నంబరున్న మనిషి. రెట్టింపు చేస్తే 23 దాటిందా, అందులోంచి 23 తీసేయాలి. 1 ముందు 2, దాని ముందు 4, తర్వాత 8, 16. పదహారుకు రెట్టింపు 32, అందులో 23 తీస్తే 9. తర్వాత 18, 13, 3, 6, 12. పన్నెండుకు రెట్టింపు 24, 23 తీస్తే 1. మొదలుపెట్టిన మనిషి దగ్గరికే వచ్చాం, గుండ్రం పూర్తయింది. లెక్కపెట్టు: పదకొండు మంది. మిగిలిన పదకొండు మంది ఎక్కడికి పోయారు? 5 నుంచి మొదలుపెట్టు: 5, 10, 20, 17, 11, 22, 21, 19, 15, 7, 14, మళ్లీ 5. రెండో గుండ్రం, అందులోనూ పదకొండు మందే.

రెండూ సమానంగా ఉండటం కాకతాళీయం కాదు. మొదటి గుండ్రంలో ఒక్కొక్కరి నంబరును 5తో హెచ్చించి 23లు తీసేస్తే వచ్చేదే రెండో గుండ్రం. మొదటిది పదకొండు అడుగుల్లో తిరిగొస్తే రెండోదీ అంతే. 23 స్థానంలో బేసి ప్రధాన సంఖ్య ఏదున్నా ఇంతే, ఆడవాళ్లంతా సమానమైన గుండ్రాలుగా విడిపోతారు.

ఇప్పుడు మన సంఖ్యకు రా. 2³¹ − 1ని ఏదో ఒక ప్రధాన సంఖ్య నిశ్శేషంగా భాగిస్తుందనుకుందాం. అంటే 2³¹ని దానితో భాగిస్తే శేషం 1. అంటే 1 దగ్గర మొదలుపెట్టి రెట్టింపు చేస్తూ పోతే ముప్పై ఒకటో అడుగులో మళ్లీ 1 దగ్గరికే వస్తాం. గుండ్రంలో ఉన్నవాళ్ల సంఖ్య 31ని భాగించాలి, 31 ప్రధానం, కాబట్టి గుండ్రంలో ఒక్కరే ఉండాలి లేదా ముప్పై ఒక్క మంది ఉండాలి. ఒక్కరే ఉండటం కుదరదు, 1కి రెట్టింపు 1 కాదు కదా. కాబట్టి ప్రతి గుండ్రంలో సరిగ్గా ముప్పై ఒక్క మంది. మొత్తం ఆడవాళ్లు ఆ ప్రధాన సంఖ్య కంటే ఒకరు తక్కువ. ఆ మొత్తం 31ల గుండ్రాలుగా విడిపోవాలి, పైగా సరి సంఖ్య కూడా కావాలి. అంటే 62 ఎక్కంలో ఉండాలి. తేలిందేమంటే, 2³¹ − 1ని భాగించగల ప్రధాన సంఖ్య ఏదైనా 62 ఎక్కానికి 1 కలిపితే వచ్చేదే. మిగతావాటిని ముట్టుకోనక్కర్లేదు.

ఈ ఒక్క మాటకు ఎంత బలముందో చూడు. ఇటలీలోని బొలోగ్నాకు చెందిన గణితజ్ఞుడు కటాల్డి 1603లో ఘాతం 23, 29, 31, 37 నాలుగింటికీ ప్రధాన సంఖ్యలే వస్తాయని రాశాడు. ఘాతం 23కి చూడాల్సింది 46 ఎక్కానికి ఒకటి ఎక్కువ. మొట్టమొదటిదే 47. భాగించు: 8388607 = 47 × 178481. మొదటి భాగహారంలోనే పోయింది. ఘాతం 37కి 74 ఎక్కం: 75, 149, 223. ఆ 223 భాగిస్తుంది. ఈ రెంటినీ 1640లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా పట్టుకున్నాడు. ఘాతం 29కి 58 ఎక్కం: 59, 117, 175, 233. ఆ 233 భాగిస్తుంది, దీన్ని పట్టుకున్నవాడు ఆయిలర్. కటాల్డి చెప్పిన నాలుగింటిలో చివరికి నిలబడింది 31 ఒక్కటే.

ఆయిలర్ దీనికి ఇంకో జల్లెడ కూడా పట్టాడు. 2³¹కి శేషం 1 అయితే 2³²కి శేషం 2. కానీ 2³² అంటే 2¹⁶ వర్గం. అంటే ఏదో ఒక వర్గాన్ని భాగిస్తే శేషంగా 2 రావాలి. అన్ని ప్రధాన సంఖ్యలకూ అది జరగదు. 7కి జరుగుతుంది: 3 వర్గం 9, శేషం 2. 17కి 6 వర్గం 36, శేషం 2. 23కి 5 వర్గం 25, శేషం 2. కానీ 11తో ఏ వర్గాన్ని భాగించినా 1, 4, 9, 5, 3 లేదా సున్నా వస్తాయి తప్ప 2 రాదు. 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగిలే ప్రధాన సంఖ్యలకే ఇది కుదురుతుంది. దీని నిరూపణ నీకు డిగ్రీలో సంఖ్యాసిద్ధాంతం పేపర్ ఉంటే అందులో వస్తుంది, తప్పక చదువు, అందమైన నిరూపణ.

62 షరతునూ 8 షరతునూ కలిపితే మిగిలేవి రెండే రకాలు: 248 ఎక్కానికి 1 కలిపినవి, 248 ఎక్కానికి 63 కలిపినవి. 46,340 లోపు ఆ రెండు రకాలూ కలిపి 372. వాటిలోనూ 249 (3 × 83), 497 (7 × 71), 559 (13 × 43) లాంటి సంయుక్త సంఖ్యలను కొట్టేస్తే మిగిలేవి సుమారు ఎనభై. 4,792 ఎక్కడ, ఎనభై ఎక్కడ! 1,500 లోపు ప్రధాన సంఖ్యలు 239 ఉంటే మనం చూడాల్సినవి మూడే మూడు: 311, 1303, 1489.

ఆయిలర్ ఈ ఫలితాన్ని 1772లో బెర్నూలీ అనే గణితజ్ఞుడికి రాసిన లేఖలో తెలిపాడు. అప్పటికి ఆయన సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నాడు, చూపు దాదాపు పూర్తిగా పోయింది. ఆ స్థితిలో చేసిన పని ఇది. ఆ మాట తలచుకున్నప్పుడల్లా నాకు చేతులు జోడించాలనిపిస్తుంది.

ఇక భాగహారం. పది అంకెల సంఖ్యను అట్లే పెట్టుకుని పొడుగు భాగహారం చేయనక్కర్లేదు. 311 తీసుకో. 2¹⁰ అంటే 1024. మూడు 311లు 933, తీసేస్తే 91. కాబట్టి 2²⁰కి 91 వర్గం చాలు: 8281. అందులో 311 × 26 = 8086 తీస్తే 195. 2³⁰కి 195 × 91 = 17745. అందులో 311 × 57 = 17727 తీస్తే 18. 2³¹కి రెట్టింపు 36. ఒకటి తీసేస్తే 35. సున్నా రాలేదు, 311 భాగించదు. మొత్తం మూడు నిమిషాల పని. 1303తో ఇట్లే చేస్తే 226 మిగులుతుంది.

నేను చేసిన వేసవిలో మధ్యాహ్నం ఎండకు బయటికి పోయే వీలుండేది కాదు, గదిలో కూచుని రోజుకు నాలుగైదు చేసేవాణ్ణి. చేసిన ప్రతిదాన్నీ రెండోసారి చేసి శేషం పక్కన టిక్కు పెట్టుకునేది. ఒకనాటి సాయంత్రం ఒకచోట శేషం సున్నా వచ్చింది. రెండు వందల ఏళ్లుగా అందరూ నమ్మిన మాట తప్పా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దుగాల లేచి మళ్లీ మొదటి నుంచి చేస్తే, ఒక గుణకారంలో చేతిలో ఉంచుకున్న 1 కలపడం మరిచానని తేలింది. సున్నా పోయింది. చేత్తో చేసే లెక్కకు రెండోసారి సరిచూడటం ఎంత అవసరమో నాకు ఆ రాత్రి నేర్పింది. నువ్వు చేసేటప్పుడు కూడా ప్రతి శేషాన్నీ రెండుసార్లు తీయి.

ప్రత్యేకతలు అడిగావు. ఘాతమైన 31 కూడా 2⁵ − 1, అంటే మెర్సెన్ సంఖ్య మీద మెర్సెన్ సంఖ్య. ఇట్లాంటి జోడు మెర్సెన్ ప్రధానాలు ఇప్పటిదాకా తెలిసినవి నాలుగే: 7, 127, మన 2147483647, ఆపైన ముప్పై తొమ్మిది అంకెల 2¹²⁷ − 1.

దీన్ని 2³⁰తో హెచ్చిస్తే 2305843008139952128 వస్తుంది. ఇది పరిపూర్ణ సంఖ్య, అంటే తనను మినహాయించి మిగతా కారణాంకాలన్నీ కలిపితే మళ్లీ అదే వస్తుంది. 6 = 1 + 2 + 3 లాగా, 28 = 1 + 2 + 4 + 7 + 14 లాగా. తెలిసిన పరిపూర్ణ సంఖ్యల్లో ఇది ఎనిమిదోది. పీటర్ బార్లో అనే ఆంగ్ల గణితజ్ఞుడు 1811లో, ఇంతకంటే పెద్ద పరిపూర్ణ సంఖ్యను ఎవరూ కనుక్కోరని, వీటితో ఉపయోగమేమీ లేదు కాబట్టి ఎవరూ ప్రయత్నించరని రాశాడు. ఆ శతాబ్దం దాటకముందే పెద్దవి దొరికాయి. ఉపయోగం సంగతంటావా, ఆ సంఖ్యకు కారణాంకమైన 2147483647 ఇవాళ నీ సిలబస్‌లోనే ఉంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం దీని లోపలి బతుకమ్మ ఆట. 2147483647లోంచి 1 తీసేస్తే మిగిలే 2147483646ను విడగొడితే 2 × 3 × 3 × 7 × 11 × 31 × 151 × 331. ఇందులో 31 ఉంది చూశావా? ఉండి తీరాలి. ఇక్కడ రెట్టింపు ఆట ఆడితే 1, 2, 4 నుంచి 2³⁰ దాకా పోయి వెంటనే 1కి వస్తాం. గుండ్రానికి ముప్పై ఒక్క మందే, అట్లాంటి గుండ్రాలు 6 కోట్ల 92 లక్షల 73 వేల 666. ఇప్పుడు రెట్టింపుకు బదులు ప్రతి అడుగులో 16807తో, అంటే 7⁵తో హెచ్చించి చూడు. అప్పుడు 214 కోట్ల పైచిలుకు మందీ, ఒక్కరూ మిగలకుండా, ఒకే ఒక్క గుండ్రంలో నిలబడతారు. ఒకసారి వచ్చిన నంబరు గుండ్రం మొత్తం తిరిగాకే మళ్లీ వస్తుంది. అందుకే కంప్యూటర్‌లో యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించడానికి పార్క్, మిల్లర్ అనే ఇద్దరు 1988లో ఇదే జంటను సూచించారు. ఇప్పటికీ కొన్ని ప్రోగ్రామింగ్ భాషల్లో ఆ 16807 కనబడుతుంది. రహస్య సంకేతాలకు ఇది పనికిరాదు. ఒక నంబరు తెలిస్తే తర్వాతది ఇట్టే చెప్పేయొచ్చు.

కంప్యూటర్ దీన్నే హద్దుగా పెట్టుకోవడానికీ ఇది ప్రధానం కావడానికీ ఏ సంబంధమూ లేదు. ఆ మాట స్పష్టంగా పెట్టుకో, పరీక్షలో కూడా కలపకు. 32 బిట్లలో ఒకటి ధన, రుణ గుర్తుకు పోతే మిగిలేవి 31. అవన్నీ ఒకట్లయితే ఈ సంఖ్య. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే పాత యంత్రాలకు ఈ హద్దు 2038 జనవరి 19న, మన టైము ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండుతుంది.

ఇంకా పెద్ద సంఖ్యలకు ఆయిలర్ దారి చాలదు. ఫ్రెంచి గణితజ్ఞుడు ల్యూకాస్ 1876లో కారణాంకాలు వెతకకుండానే తేల్చే పద్ధతితో 2¹²⁷ − 1 ప్రధానమని చూపాడు. దాన్ని తర్వాత లెమర్ అనే గణితజ్ఞుడు సులువు చేశాడు. 4తో మొదలుపెట్టు. వర్గం చేసి 2 తీసెయ్యి, మన సంఖ్యతో భాగించి శేషం తీసుకో. మళ్లీ అదే చెయ్యి. ఘాతం కంటే రెండు తక్కువ సార్లు చేశాక సున్నా వస్తే ప్రధానం, రాకపోతే కాదు. 127కి చూద్దాం, ఘాతం 7 కాబట్టి ఐదుసార్లు. 4 నుంచి 14. 14 నుంచి 194, శేషం 67. 67 వర్గం 4489, రెండు తీస్తే 4487, శేషం 42. 42 నుంచి 1762, శేషం 111. 111 నుంచి 12319, అది సరిగ్గా 127 × 97. సున్నా! మన సంఖ్యకైతే ఇరవై తొమ్మిది సార్లు చేస్తే చాలు. కానీ ప్రతిసారీ పది అంకెల వర్గాలు వస్తాయి, చేతికి ఆయిలర్ దారే హాయి.

2024 అక్టోబరులో ప్రకటించిన 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1 ప్రధానమని కూడా చివరికి ఈ ల్యూకాస్-లెమర్ పద్ధతితోనే ఖరారు చేశారు. దాన్ని కనుక్కున్నది అమెరికాకు చెందిన ల్యూక్ డ్యురాంట్. అందులో 4 కోట్ల 10 లక్షల 24 వేల 320 అంకెలు. పేజీకి రెండు వేల అంకెల చొప్పున అచ్చు వేస్తే ఇరవై వేల పేజీలు దాటుతుంది.

జాబితాలో మూడోది 1489 నీకోసం వదిలిపెట్టాను. 311తో చేసినట్టే 2¹⁰, 2²⁰, 2³⁰ మెట్ల మీద పో. 2²⁰ దగ్గర 320, 2³⁰ దగ్గర సరిగ్గా 100 వస్తాయి. చివర 199 మిగిలితే నీ లెక్క సరి. ఆ తర్వాతి సంఖ్య 1551. దాన్ని భాగించే ముందు అసలు భాగించాల్సిన అవసరం ఉందో లేదో చూసుకో.